బాస్కెట్‌బాల్‌లో ఏ కాలం వాళ్ల ఒంట్లో సత్తా ఎక్కువ? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో పొద్దున అయిదున్నరకు పిల్లలతో గ్రౌండ్‌లో ఉంటాను. వార్మప్ రెండు రౌండ్లు కాకముందే ఎవరో ఒకరు రాత్రి ఫోన్‌లో చూసిన డంక్ (ఎగిరి బంతిని పై నుంచి రింగులో వేయడం) ముచ్చట తీస్తారు. ఇక అమెరికా ఎన్‌బీఏ లీగ్ ఆటగాళ్ల మీద, జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా, విల్ట్ ఇప్పుడు ఉంటే ఏమయ్యేవాడు అని మొదలు. సాయంత్రం గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఆ పిల్లల నాన్నలు కూడా అవే అడుగుతారు. ఏళ్లుగా వింటున్న ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసి, నా జవాబులు పెట్టాను. ఎక్కడి నుంచైనా చదవచ్చు.

## వాదనకు దిగే ముందు

సార్, గొప్ప ప్లేయర్ అంటే గొప్ప అథ్లెట్ అనే కదా? రెండూ వేరెట్ల అయితయి?

వేరే. అథ్లెటిక్ సత్తా అంటే ఒంటికి సంబంధించినది. ఎంత ఎత్తు ఎగురుతాడు, మొదటి మూడు అంగల్లో ఎంత వేగం అందుకుంటాడు, ఎదుటివాడు మీద పడితే నిలబడతాడా, పరుగు మధ్యలో దిశ మార్చగలడా, నాలుగో క్వార్టర్‌లో కూడా అదే ఊపు ఉంటుందా. ఆట తెలివి, చేతి నేర్పు, పాస్ ఇచ్చే కన్ను వేరే లెక్క.

సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్ 2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే చోట, 41వ పిక్. పెద్దగా ఎగరడు. అయినా 2021, 2022, 2024లో సీజన్ ఉత్తమ ఆటగాడిగా ఎంవీపీ అందుకున్నాడు. ఎగరడంలో అతన్ని మించినవాళ్లు ప్రతి జట్టు బెంచీ మీదా ఉంటారు. "ఎవరు గొప్ప" అనే మాటను, "ఎవరి ఒళ్లు గొప్ప" అనే మాటను కలిపేస్తే వాదన ఎటూ తెగదు. ఇక్కడ నేను రాసేదంతా ఒంటి గురించే.

మా నాయన "అప్పటి ఆట వేరు, ఇప్పటి ఆట వేరు" అని కొట్టిపారేస్తడు. అసలు పోల్చొచ్చా?

పోల్చొచ్చు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర పాత హమాలీలను అడిగి చూడండి. క్వింటాలు బస్తా వీపు మీద వేసుకొని చెక్క మీదుగా లారీ ఎక్కేవాళ్లు. ఆ మనిషిని ఇవాళ జిమ్‌లో బెంచ్ ప్రెస్ కింద పడుకోబెడితే అలవాటు లేక తడబడతాడు. జిమ్ కుర్రాడిని ఆ చెక్క ఎక్కించినా అంతే. ఎవరికి బలం ఎక్కువ అని అడిగితే, తోటి హమాలీల్లో అతను ఎంత ముందున్నాడు, తోటి జిమ్ వాళ్లలో ఇతను ఎంత ముందున్నాడు అని చూడటమే న్యాయం.

బాస్కెట్‌బాల్‌లో కూడా నేను అదే చూస్తాను. తన కాలం వాళ్ల మధ్య ఎంత ఎడంగా నిలబడ్డాడు? అతని సత్తాను టేపుతోనో స్టాప్‌వాచ్‌తోనో ఎవరైనా కొలిచారా, లేక అది విన్న కథేనా? బూటు, డాక్టరు, తిండి, ప్రయాణం అతనికి ఎట్లాంటివి దొరికాయి? ఈ మూడింటికీ జవాబు ఉంటే 1962ను, 2022ను పక్కపక్కన పెట్టవచ్చు. పైగా ఈ ఆటలో మారనిది ఒకటుంది. 1891లో జేమ్స్ నైస్మిత్ బాల్కనీ రెయిలింగ్‌కు పీచ్ పండ్ల బుట్టలు కొట్టినప్పుడు ఆ ఎత్తు 10 అడుగులు. రింగు ఇప్పటికీ 10 అడుగుల మీదే ఉంది.

మనుషులు తరతరానికి బలపడుతున్నరు కదా? అట్లయితే ఇప్పటోళ్లే మొనగాళ్లు కాదా?

రికార్డులు మెరుగయ్యాయి, నిజమే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ 100 మీటర్లు 10.3 సెకన్లలో పరుగెత్తాడు. 2009లో అదే బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58లో పూర్తి చేశాడు. కానీ ఓవెన్స్ పరుగెత్తింది బొగ్గు బూడిద పరిచిన ట్రాక్ మీద. స్టార్టింగ్ బ్లాకులు లేవు, కాలు ఆనించడానికి చిన్న తాపీతో గుంట తవ్వుకున్నాడు.

ఇక ఎగరడం చూడండి. జేవియర్ సోటోమేయర్ హైజంప్‌లో 2.45 మీటర్లు దాటింది 1993లో. మైక్ పావెల్ లాంగ్‌జంప్‌లో 8.95 మీటర్లు దూకింది 1991లో. జిమ్‌లు మారాయి, ప్రొటీన్ డబ్బాలు వచ్చాయి, ప్రతి అంగనూ కెమెరాలో చూసి సరిదిద్దుకుంటున్నారు. ఆ రెండు రికార్డులు మాత్రం అట్లాగే ఉన్నాయి. మన మిల్ఖా సింగ్ 1960 రోమ్‌లో 400 మీటర్లను 45.73 సెకన్లలో పరుగెత్తితే ఆ జాతీయ రికార్డు 1998 దాకా చెక్కుచెదరలేదు.

మనిషి అదే మనిషి. అతనికి దొరికే తిండి, నీళ్లు, నేల, వైద్యం మారాయి. నల్లగొండ వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి చిన్నతనంలోనే కాళ్లు వంకరపోయిన వాళ్లను చూస్తూ పెరిగాం. అదే ఊళ్ల నుంచి, నల్లా నీళ్లు తాగి పెరిగిన పిల్లలు ఇవాళ నా ముందు నిటారుగా నిలబడి దుంకుతున్నారు. తాతదీ మనవడిదీ ఒకే రక్తం. తాత ఒంట్లో సత్తా లేదని ఎట్లా అంటాం?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సగటు ప్లేయర్ స్థాయి బాగా పెరిగింది. 1950 దాకా ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాడు ఒక్కరూ లేరు. ఇవాళ అమెరికా బయటి దేశాల నుంచే 100 మందికి పైగా ఆడుతున్నారు. ఎంత ఎక్కువ మంది నుంచి ఏరితే సగటు అంత పెరుగుతుంది. అన్నిటికంటే పైన ఉన్న ఒకరిద్దరి దగ్గర ఆ తేడా అంతగా కనిపించదు.

## కొలతల దగ్గర

జోర్డాన్ గాల్లో మూడు సెకన్లు ఆగేటోడంట, 48 అంగుళాలు ఎగిరేటోడంట. నిజమేనా?

మూడు సెకన్లు కుదరదు. భూమి ఆకర్షణ అందరికీ ఒకటే. మీటరు ఎత్తు ఎగిరినవాడు పైకి, కిందికి కలిపి 0.9 సెకను గాల్లో ఉంటాడు. మూడు సెకన్లు ఉండాలంటే 11 మీటర్లు, అంటే 36 అడుగులు ఎగరాలి. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంతోనే ఈ లెక్క తేల్చుకోవచ్చు. పిల్లలతో బోర్డు మీద చేయిస్తే వాళ్లే ఆశ్చర్యపోతారు.

మరి ఆగినట్టు ఎందుకు కనిపిస్తాడు? ఎగిరాక మోకాళ్లు పైకి ముడుస్తాడు, బంతిని చివరిదాకా చేతిలోనే ఉంచుతాడు. ఎదుటివాడు కిందికి దిగుతున్నప్పుడు ఇతని చెయ్యి ఇంకా పైనే ఉంటుంది. మన కన్ను ఆ చేతినే చూస్తుంది. 48 అంగుళాలు అనే అంకె అధికారిక టెస్టులో టేపు పెట్టి తీసింది కాదు, నోటి మాటగా తిరిగింది. అతను గొప్పగా ఎగిరేవాడు అనడానికి మ్యాచ్ వీడియోలే చాలు, ఆ అంకె అక్కర్లేదు.

మా జంప్ మేమే ఎట్ల కొలుచుకోవాలె?

సుద్దముక్క, గోడ, టేపు ఉంటే చాలు. గోడ పక్కన నిలబడి, మడమలు నేలకు ఆనించి, చెయ్యి పూర్తిగా చాచి వేలి కొసతో ఒక గీత పెట్టాలి. వేళ్లకు సుద్ద పూసుకొని, నిలబడిన చోటు నుంచే ఎగిరి రెండో గీత పెట్టాలి. మధ్య దూరం స్టాండింగ్ వర్టికల్. పరుగెత్తుకొచ్చి ఎగిరితే మ్యాక్స్ వర్టికల్. ఒకరు మొదటిదీ, ఇంకొకరు రెండోదీ చెప్పుకొని కొట్లాడుకోవడం రోజూ చూస్తుంటాను.

తేడా వచ్చేది మొదటి గీత దగ్గర. మొన్న వేసవిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు వారంలోనే తన జంప్ నాలుగు వేళ్లు పెరిగిందని పరుగెత్తుకొచ్చాడు. స్కూలు గోడ దగ్గరికి పోయి మళ్లీ చేయమన్నాను. మొదటి గీత పెట్టేటప్పుడు భుజం కిందికి వదిలి, మోచెయ్యి కొంచెం వంచుతున్నాడు. కావాలని కాదు, తెలియక. నేను వెనక నిలబడి భుజం పైకి సాగదీసి గీయిస్తే గీత పాతదానికి నాలుగు వేళ్ల పైన పడింది. పెరిగిన జంపంతా ఆ భుజంలోనే ఉంది. అప్పటి నుంచి ఏ స్టార్ అంకె విన్నా ముందు మొదటి గీత ఎవరు గీశారని ఆలోచిస్తాను.

డ్రాఫ్ట్‌కు ముందు కంబైన్‌లో కొత్తోళ్లకు టెస్టులు పెడతరు కదా, అవి చూస్తే ఎవరు గొప్పో తేలిపోదా?

ఒంటి సంగతి కొంత తేలుతుంది, ఆట సంగతి తేలదు. 2001లో కెనీ గ్రెగరీ కంబైన్‌లో 45.5 అంగుళాలు ఎగిరాడు. ఆ రికార్డు 20 ఏళ్లు నిలిచింది. అతన్ని మాత్రం డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. 2021లో కియాన్ జాన్సన్ 48 అంగుళాలు ఎగిరి దాన్ని దాటాడు, 21వ పిక్‌గా వెళ్లాడు. ఇక 2007లో కెవిన్ డ్యురాంట్ 185 పౌండ్ల బరువును, అంటే 84 కిలోలను, బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. అతను నాలుగుసార్లు లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, 2014లో ఎంవీపీ అయ్యాడు.

విల్ట్, రస్సెల్, కరీం, జోర్డాన్‌ల కాలంలో ఈ టెస్టులు ఇట్లా లేవు. కాబట్టి కంబైన్ అంకెలతో తరాలను పోల్చాలనుకుంటే ఒక పక్క కాగితమంతా ఖాళీగానే ఉంటుంది.

పాతోళ్ల బ్లాకులు, స్టీల్స్ లెక్కలు ఎక్కడ వెతికినా దొరకవెందుకు?

బ్లాకంటే ఎదుటివాడి షాట్‌ను ఆపడం, స్టీలంటే బంతి లాక్కోవడం. ఎన్‌బీఏ అవి అధికారికంగా లెక్కపెట్టడం 1973-74 సీజన్‌లో మొదలుపెట్టింది. బిల్ రస్సెల్ అప్పటికి నాలుగేళ్ల ముందే ఆట మానేశాడు. విల్ట్ 1973లో మానేశాడు. ఎగిరి బంతిని ఆపడంలో పేరు మోసిన ఇద్దరి లెక్కా పుస్తకంలో లేదు. బ్లాకుల జాబితా చూపించి పాతవాళ్లను తక్కువ చేయడం నాకు బాధగా ఉంటుంది.

వాళ్లు చెప్పే ఎత్తులు నమ్మొచ్చా?

2019 ముందువి ఒక అంగుళం అటూ ఇటూగా తీసుకోండి. చాలాకాలం బూట్లతో కలిపి కొలిచిన ఎత్తులే రాసేవారు. 2019-20 సీజన్ నుంచి బూట్లు విప్పి కొలవాలని ఎన్‌బీఏ నియమం పెట్టింది. ఆ దెబ్బకు చాలామంది ఎత్తు తగ్గింది, కొందరిది పెరిగింది.

## విల్ట్, రస్సెల్, కరీం కాలం

విల్ట్ 100 పాయింట్లు కొట్టింది పొట్టి పొట్టోళ్ల మీద అంటరు. ఇప్పుడు ఆడితే ఆగుతడా?

విల్ట్ చాంబర్లేన్ 7 అడుగుల 1 అంగుళం. 1962 మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో న్యూయార్క్ జట్టు మీద 100 పాయింట్లు చేశాడు. 63 షాట్లలో 36, 32 ఫ్రీత్రోల్లో (ఫౌల్‌కు దొరికే ఉచిత షాట్లు) 28 పడ్డాయి. వీడియో లేదు, చివరి క్వార్టర్ రేడియో రికార్డింగ్ ఉంది. ఆ రోజు అతన్ని కాసిన డారల్ ఇమ్‌హాఫ్ 6 అడుగుల 10 అంగుళాలు. రోజూ ఎదురుపడే రస్సెల్ కూడా 6 అడుగుల 10 అంగుళాలే, వాల్ట్ బెల్లమీ 6 అడుగుల 11 అంగుళాలు. ఆ సీజన్‌లో మొత్తం 9 జట్లే, కాబట్టి వీళ్లనే మళ్లీ మళ్లీ ఎదుర్కోవాలి. వీళ్లు పొట్టివాళ్లయితే ఇప్పటి సెంటర్లలో (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాళ్లు) సగం మంది పొట్టివాళ్లే.

అంకెల్లో తగ్గించాల్సింది కూడా ఉంది. అప్పుడు ఒక్కో జట్టు మ్యాచ్‌కు 100కు పైగా షాట్లు వేసేది, ఇప్పుడు 90 దగ్గర. అన్నేసి అవకాశాలు ఉంటే పాయింట్లూ, రీబౌండ్లూ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) ఉబ్బుతాయి. 1961-62లో అతని సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. వాటిని ఈ కాలానికి అట్లాగే ఎత్తుకురావడం తప్పు. నేను చూసే అంకె ఇంకొకటి. ఆ సీజన్‌లో అతను మ్యాచ్‌కు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచే 48 నిమిషాలు! ఎక్స్‌ట్రా టైమ్‌లు కలిసి అంత వచ్చింది. అంత వేగంగా సాగే ఆటలో, ఆ ఎత్తు, ఆ బరువు మోస్తూ, 80 మ్యాచుల్లో దాదాపు కూర్చోకుండా ఆడటం. స్టామినాకు దీన్ని మించిన రుజువు నాకు కనిపించలేదు.

కాన్సస్ యూనివర్సిటీలో హైజంప్‌లో కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచాడు, ట్రిపుల్ జంప్, షాట్‌పుట్ కూడా చేశాడు. అతని కోసమే 1964లో రింగు కింది లేన్‌ను 12 అడుగుల నుంచి 16 అడుగులకు వెడల్పు చేశారు. ఒక మనిషి ఒంటిని చూసి కోర్టు గీతలు జరిపారంటే తన కాలంలో అతను ఎంత ఎడంగా ఉన్నాడో అర్థం చేసుకోవచ్చు. ఫ్రీత్రో మాత్రం కెరీర్ మొత్తంలో వందకు 51 పడ్డాయి. అది చేతి సంగతి, ఒంటి సంగతి కాదు. ఇప్పుడు ఆడినా నిలబడతాడనే నా నమ్మకం.

రస్సెల్‌కు 11 టైటిళ్లు ఉన్నయి గని, ఒళ్లు మామూలేనట కదా?

ఎవరన్నారో గానీ తప్పు. కాలేజీ రోజుల్లో రస్సెల్ హైజంప్‌లో 2.06 మీటర్లు దాటాడు. 1956లో ప్రపంచంలోని మేటి హైజంపర్లలో ఒకడు. ఆ రోజుల్లో దూకి పడేది మెత్తటి ఫోమ్ మీద కాదు, వీపు మీదుగా దాటే ఫాస్‌బరీ పద్ధతి 1968 ఒలింపిక్స్‌తో గానీ అందరికీ తెలియలేదు. పాత పద్ధతిలో, గట్టి నేల మీద పడతానని తెలిసి ఎగరడం ఎట్లా ఉంటుందో మొరం గ్రౌండ్ పిల్లలకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ బంగారు పతకం గెలిచి, తర్వాత 13 సీజన్లలో 11 టైటిళ్లు తెచ్చాడు.

అప్పటి బూట్లు, ప్రయాణాలు ఆట మీద అంత ప్రభావం చూపిస్తయా?

చాలా. వాళ్లు ఆడింది పలుచని రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లతో. మన స్కూలు పిల్లలు పీటీకి వేసుకునే తెల్ల బూట్లు తెలుసు కదా, దాదాపు అట్లాంటివే. ఎగిరి దిగిన ప్రతిసారీ దెబ్బంతా మడమకూ మోకాలికే.

ప్రయాణం ఇంకా ఘోరం. 1960 జనవరిలో మిన్నియాపొలిస్ లేకర్స్ జట్టును తీసుకెళ్తున్న చిన్న విమానం రాత్రిపూట కరెంటు పోయి, మంచు తుఫానులో దారి తప్పి, అయోవాలోని ఒక మక్కచేనులో దిగింది. అదృష్టం, అందరూ బతికారు. ఇవాళ జట్టుకు సొంత చార్టర్ విమానం, వెంట ఫిజియో, వంటమనిషి, నిద్ర లెక్క చూసేవాళ్లు. నిద్ర సరిపోని ఒళ్లు ఎంత ఎత్తు ఎగురుతుందో రాత్రి బస్సెక్కి టోర్నమెంట్‌కు పోయిన ఎవరినైనా అడగండి.

కరీం 42 ఏళ్లదాకా ఎట్ల ఆడిండు?

కరీం అబ్దుల్ జబ్బార్ 1969 నుంచి 1989 దాకా 20 సీజన్లు ఆడి 38,387 పాయింట్లు చేశాడు. 7 అడుగుల 2 అంగుళాల మనిషికి అంతకాలం మోకాళ్లు నిలవడం అరుదు. అతను యోగా చేసేవాడు, బ్రూస్ లీ దగ్గర యుద్ధకళ నేర్చుకున్నాడు. స్కై హుక్ షాట్ కూడా ఒంటిని కాపాడింది. ఒక కాలి మీద లేచి, చెయ్యి పూర్తిగా చాచి వదిలే షాట్ అది. పక్కవాడిని గుద్దుకొని దూసుకుపోవాల్సిన పని లేదు. వంగే గుణం, సమతూకం కూడా అథ్లెటిక్ సత్తాయే. జంప్‌లాగా వీడియోలో మెరవవు కాబట్టి జనం వాటిని లెక్కలోకి తీసుకోరు.

## జోర్డాన్ నుంచి లెబ్రాన్ దాకా

ఫ్రీత్రో లైన్ నుంచి డంక్ మొదట జోర్డాన్ కొట్టిండా?

కాదు. 1976లో ఏబీఏ లీగ్ డంక్ పోటీలో జూలియస్ ఎర్వింగ్ కొట్టాడు. జోర్డాన్‌ది 1988లో, షికాగోలో. లైను బోర్డుకు 15 అడుగుల దూరం. ఇందులో పైకి ఎగరడం కంటే ముందుకు దూకడం ఎక్కువ, లాంగ్‌జంప్‌లాగా. పెద్ద అరచెయ్యి కూడా కావాలి, బంతిని ఒంటి చేత్తో పట్టుకోలేకపోతే ఎంత దూకినా పని జరగదు. 1967 నుంచి 1976 దాకా అమెరికా కాలేజీ ఆటలో డంక్ నిషేధం. ఆ తరం పిల్లలు మ్యాచ్‌లో డంక్ చేసే వీలే లేకుండా పెరిగారు.

అప్పట్ల కొట్లాటలాగ ఆడేటోళ్లంట. ఇప్పటోళ్లు ఆ దెబ్బలకు తట్టుకుంటరా?

ఎనభైల చివర డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు జోర్డాన్ గాల్లో ఉండగానే మీద పడి నేలకేసేది. 1988, 1989, 1990లో వరుసగా జోర్డాన్ జట్టు షికాగోను సీజన్ చివరి ప్లేఆఫ్స్‌లో ఓడించింది. జోర్డాన్ బరువులు ఎత్తి, కండ పెంచి, 1991లో ఆ జట్టును దాటి మొదటి టైటిల్ కొట్టాడు. బరువులెత్తితే షూటింగ్ చెడుతుందని కోచ్‌లు భయపడే అలవాటు అప్పటికి ఇంకా పూర్తిగా పోలేదు.

2004-05 నుంచి చెయ్యి అడ్డం పెట్టి ఆపడంపై రిఫరీలు గట్టిగా విజిల్ వేస్తున్నారు. దాంతో ఇప్పటివాళ్లకు సుఖమైపోయింది అనుకోకండి. త్రీ పాయింట్ లైను వచ్చిన 1979-80లో జట్టు మ్యాచ్‌కు ఆ లైను బయటి నుంచి మూడు షాట్లు కూడా ప్రయత్నించేది కాదు, ఇప్పుడు 35కు పైగా. అంటే కాపలా కాసేవాడు రింగు నుంచి లైను దాకా మళ్లీ మళ్లీ ఉరకాలి, ఆగాలి, తిరగాలి. అప్పటి దెబ్బ భుజానికి తగిలేది, ఇప్పటి దెబ్బ తొడలకు, పిక్కలకు తగులుతోంది.

మా నాయన జోర్డాన్ అంటడు, నేను లెబ్రాన్ అంట. ఒళ్లు ఒక్కటే చూస్తే ఎవరు?

ఎగిరాక గాల్లో ఒంటిని తిప్పుకోవడం, మొదటి అంగ, నడుము దగ్గర విరుపు చూస్తే నాన్న గెలిచాడు. జోర్డాన్ 6 అడుగుల 6 అంగుళాలు, పిల్లిలాంటి ఒళ్లు. 34 ఏళ్లు దాటిన 1997-98 సీజన్‌లో కూడా 82కు 82 మ్యాచులు ఆడాడు.

బరువు, వేగం, కాలం మూడూ కలిపితే నువ్వు గెలిచావు. లెబ్రాన్ 6 అడుగుల 9 అంగుళాలు, దాదాపు 113 కిలోలు. అంత బరువు అంత వేగంతో పరుగెత్తడం నేనైతే ఇంకెవరిలోనూ చూడలేదు. 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ చివర్లో వెనక నుంచి ఉరికొచ్చి ఇగ్వదాలా షాట్‌ను బోర్డుకేసి కొట్టింది చూడండి, అప్పటికే ఆ రాత్రి 40 నిమిషాలకు పైగా ఆడి ఉన్నాడు. 2003లో మొదలుపెట్టి 2024 మార్చిలో 40,000 పాయింట్లు దాటాడు, 40 ఏళ్లు నిండాక కూడా ఆడాడు. నాకు బరువుతో కూడిన వేగం ఎక్కువ విలువైనదిగా తోస్తుంది, అందుకే ఒంటి మటుకు లెబ్రాన్‌కు ఒక మెట్టు పైన వేస్తాను.

దెబ్బ తగిలి ఆగిపోయినోళ్లను ఎట్ల లెక్కేయాలె?

ఆగేముందు చూపిందే లెక్క, పక్కన వైద్యం ఏ కాలందో రాసుకోవాలి. బెర్నార్డ్ కింగ్ మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు 1985లో తెగింది. అప్పట్లో చాలామందికి అక్కడితో ఆట ముగిసేది. అతను రెండేళ్లు కష్టపడి తిరిగొచ్చి 1991లో మళ్లీ ఆల్‌స్టార్ అయ్యాడు. డెరిక్ రోజ్ 2011లో 22 ఏళ్లకే ఎంవీపీ, మరుసటి ఏడాదే అదే ఏసీఎల్ తెగింది. మంచి వైద్యం ఉన్నా ఆ మొదటి పేలుడు వేగం పూర్తిగా తిరిగి రాలేదు. మోకాలు నొప్పి అన్న పిల్లవాడిని "ఏం కాదు, ఉరుకు" అని ఎవరైనా పంపిస్తుంటే దయచేసి ఆపండి.

## ఇప్పటివాళ్లు, మన గ్రౌండు

ఇప్పటోళ్లు రెస్టు పేరుతో మ్యాచులు ఎగ్గొడుతున్నరు. స్టామినా లేనట్టే కదా?

అట్లా అనలేం. అవార్డులకు కనీసం 65 మ్యాచులు ఆడాలని 2023-24 నుంచి నియమం పెట్టాల్సి వచ్చిన మాట నిజం. కానీ ఆ విశ్రాంతిని నిర్ణయించేది చాలాసార్లు జట్టు డాక్టర్లు. 40 నిమిషాలు ఆడలేక కాదు, ఏప్రిల్‌లో మొదలయ్యే ప్లేఆఫ్స్ దాకా ఒళ్లు మిగలాలని. చూడటానికి డబ్బు పెట్టి వచ్చిన పిల్లవాడికి నిరాశే, ఆ కోపం న్యాయమైనదే.

ఆడోళ్లను ఈ పోలికలల్ల ఎందుకు తేరు?

తేవాలి. రింగు వాళ్లకూ 10 అడుగులే, బంతి మాత్రమే కొంచెం చిన్నది. 2002లో లీసా లెస్లీ డబ్ల్యూఎన్‌బీఏ అనే మహిళల లీగ్ మ్యాచ్‌లో మొదటి డంక్ కొట్టింది. తన కాలం వాళ్ల మధ్య ఎంత ఎడంగా ఉందన్న కొలబద్దతో చూస్తే లెస్లీ పేరు ఏ జాబితాలోనైనా ఉంటుంది. మా గ్రౌండ్‌లో స్టార్ట్, స్టాప్ డ్రిల్స్‌లో మొదట వచ్చేది చాలా రోజులు అమ్మాయిలే.

నేను 5 అడుగుల 6 అంగుళాలే. నాకు ఈ ఆటలో చోటుందా?

5 అడుగుల 7 అంగుళాల స్పడ్ వెబ్ 1986లో డంక్ పోటీ గెలిచాడు. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఎత్తుతో పోల్చి చూస్తే వెబ్ జంప్ విల్ట్ జంప్ కంటే నాకు పెద్దది.

మనోళ్లు అక్కడిదాకా ఎందుకు పోలేదు?

పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి 7 అడుగుల 2 అంగుళాల సత్నామ్ సింగ్ 2015లో డ్రాఫ్ట్ అయ్యాడు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. భారత జట్టు ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లల ఒంట్లో సత్తా తక్కువేం లేదు. వాలీబాల్ నెట్ దగ్గర దుంకే పిల్లవాడు రింగు దగ్గర కూడా దుంకుతాడు. వాడికి చిన్నప్పుడే కోర్టు, నేర్పేవాళ్లు, రోజూ గుడ్డు, పల్లీలు, పాలు దొరకాలి.

అన్నీ విన్నం సార్. ఒళ్లు ఒక్కటే చూసి ఒక్క పేరు చెప్పు.

విల్ట్ చాంబర్లేన్. బాస్కెట్‌బాల్ బయట, ట్రాక్ మీద టేపుతో కొలిచిన సత్తా ఉంది. 48.5 నిమిషాలు ఉన్నాయి. అతని వల్ల వెడల్పైన లేన్ ఉంది. అదంతా కాన్వాస్ బూట్లతో. రెండో పేరు లెబ్రాన్. ఈ వరుస తప్పని మీరు టేపు పట్టుకొని నిరూపిస్తే మారుస్తాను.

మాది మొరం గ్రౌండ్. ఇక్కడ దుంకుడు పెరుగుతదా?

పెరుగుతుంది, కొలత మాత్రం తక్కువ చూపిస్తుంది. కాలి కింద మొరం జారితే తోసిన బలం కొంత నేలకే పోతుంది. మా పిల్లల్లో చాలామందికి సిమెంటు మీద పడిన గీత మొరం మీద రెండు వేళ్లు కిందికి వస్తుంది. అందుకే ప్రాక్టీస్ మొరం మీద చేసినా, కొలిచేది ఎప్పుడూ ఒకే చోట, ఒకే బూట్లతో. వారానికి రెండుసార్లకు మించి గరిష్ఠ జంపులు వద్దు, మోకాలికి తేరుకునే సమయం కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర దాటితే ఆపేస్తాం. నీళ్ల బాటిల్, సుద్దముక్క తెచ్చుకోండి, టేపు నా దగ్గర ఉంటుంది.